‘సంతకం పెట్టు చాలు’ అంటున్నారు... పెట్టనా?

డల్లాస్ పరిసరాల్లో ఉంటున్న ఒకామె రాసిన ఉత్తరం ఇది. పెద్ద ఉత్తరం. ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ ఇస్తున్నాను.

ఆమె 2019లో ఎమ్మెస్ చదవడానికి వచ్చారు. 2023 అక్టోబరు నుంచి హెచ్-1బీ మీద ఉద్యోగం. 2025 ఫిబ్రవరిలో విజయవాడలో పెళ్లయింది. భర్త కూడా హెచ్-1బీయే, ఆయన అంతకుముందు నుంచే టెక్సాస్‌లో ఉంటున్నారు. డబ్ల్యూ-2 (కంపెనీ ఇచ్చే జీతం, పన్ను కోతల పత్రం) ప్రకారం ఆమె జీతం 1,18,000 డాలర్లు, ఆయనది 1,42,000. ఇంకా పిల్లలు లేరు, అద్దె ఇల్లు. ఇప్పుడు 2025 సంవత్సరానికి పన్ను రిటర్న్ వేయాలి. ఇన్నాళ్లూ భర్త రిటర్న్‌లు ఆమె ఆడపడుచు భర్తకు తెలిసిన ఒకాయన వేసిపెడుతున్నారు. జాయింట్‌గా, అంటే ఇద్దరూ కలిసి ఒకే రిటర్న్ వేస్తే 5,000 డాలర్ల రీఫండ్ వస్తుందని ఆయన చెప్పారట. ‘నీ డబ్ల్యూ-2 పంపు, లింక్ వస్తుంది, సంతకం పెట్టు చాలు, మిగతాది అన్నయ్యగారు చూసుకుంటారు’ అని భర్త అంటున్నారు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, మియాపూర్‌లో ఆయన పేరు మీద ఒక ఫ్లాటు ఉంది, నెలకు 24 వేలు అద్దె వస్తోంది. ఎన్ఆర్ఓ ఖాతాలో (ప్రవాసులకు ఇండియాలో ఉండే బ్యాంకు ఖాతా) ఎఫ్‌డీలు, మ్యూచువల్ ఫండ్లలో సిప్‌లు ఉన్నాయి. ఇవేవీ ఇక్కడి రిటర్న్‌లో ఎప్పుడూ చూపించలేదని మాటల్లో బయటపడింది. ‘ఇండియా డబ్బు ఇండియాలో ఉంది, వీళ్లకేం తెలుస్తుంది’ అన్నారట. గత ఏడాది షేర్లలో 14,000 డాలర్లు పోగొట్టుకున్న సంగతి కూడా ఈమధ్యే తెలిసింది. కాగితాలు చూపించమంటే ‘నా మీద నమ్మకం లేదా’ అని రెండు రోజులు ముభావంగా ఉన్నారు. విడిగా వేసుకుంటానంటే అత్తగారు ఫోన్ చేసి, ‘పెళ్లయిన మొదటి ఏడాదే వేరు లెక్కలేంటమ్మా’ అన్నారు. నాన్నగారేమో ‘అల్లుడుగారు చెప్పినట్టు చెయ్యి’ అంటున్నారు.

‘విడిగా వేస్తే మేం ఎంత నష్టపోతాం? జాయింట్‌గా వేస్తే రేపు నేను ఇరుక్కుంటానా? ఆయన్ని నొప్పించకుండా ఈ గండం గట్టెక్కేదెలా?’ అని అడిగారు. చివర్లో, నాన్నగారి రిటైర్మెంట్ డబ్బు 28 లక్షలున్న ఖాతాలో తన పేరు కూడా ఉందని, దానితో ఏమైనా ఇబ్బందా అని ఒక వాక్యం రాశారు.

*

ముందు డబ్బు లెక్క తేల్చేద్దాం. ఇంట్లో గొడవ మొదలైంది దాని పేరు మీదే కాబట్టి.

జాయింట్‌గా వేస్తే చాలా కలిసొస్తుందనే మాట ఒకరు సంపాదిస్తూ, రెండోవారు ఇంట్లో ఉన్న జంటల విషయంలో నిజం. మీ ఇద్దరి జీతాలూ దగ్గర దగ్గరగానే ఉన్నాయి. 2025కి స్టాండర్డ్ డిడక్షన్ జాయింట్‌గా 31,500, విడిగా ఒక్కొక్కరికి 15,750. అంటే సరిగ్గా సగం. మీ ఆదాయం వరకు శ్లాబులు కూడా సగానికి సగమే. మీరిచ్చిన జీతాలతో లెక్క వేస్తే జాయింట్‌గా పన్ను 40,534 డాలర్లు వచ్చింది. ఎవరి జీతం వారు విడిగా చూపిస్తే మీకు 17,409, ఆయనకు 23,147, రెండూ కలిపి 40,556. తేడా 22 డాలర్లు. డల్లాస్‌లో ఇద్దరు బిర్యానీ తినడానికి కూడా చాలదు.

ఇంకో రెండు చిన్న తేడాలున్నాయి. ఎక్కువ జీతం మీద పడే అదనపు మెడికేర్ పన్ను పరిమితి జాయింట్‌కి 2,50,000, విడిగా అయితే 1,25,000. దానివల్ల ఓ 63 డాలర్లు ఎక్కువ పడుతుంది. ఆయన షేర్ల నష్టంలో జీతం మీద సర్దుకోగలిగేది జాయింట్‌గా ఏడాదికి 3,000, విడిగా అయితే 1,500. ఈ ఏడాదికి 360 డాలర్ల తేడా, మిగిలిన నష్టం ఎలాగూ తర్వాతి ఏళ్లకు వెళుతుంది. విడిగా వేసేవారికి చదువు లోన్ వడ్డీ మినహాయింపు ఉండదన్న మాట నిజమే కానీ, మీ ఉమ్మడి ఆదాయానికి అది జాయింట్‌గా వేసినా రాదు. పిల్లల సంరక్షణ క్రెడిట్ మీకు వర్తించదు. అంతా కూడితే 445 డాలర్లు. రెండు రిటర్న్‌లకు సీపీఏ (లైసెన్సున్న అకౌంటెంట్) అడిగే ఫీజు తేడా కూడా ఇంచుమించు అంతే ఉండొచ్చు.

మరి ఆ 5,000 ఎక్కడి నుంచి వస్తోంది? నాకు అన్నిటికంటే అనుమానంగా అనిపించింది ఇదే. రీఫండ్ వేరు, ఆదా వేరు. ఏడాది పొడవునా మీ జీతాల్లోంచి ఎక్కువ పన్ను కోసి ఉంటే అది మీకు తిరిగి వస్తుంది, జాయింట్‌గా వేసినా విడిగా వేసినా. అలా కాకుండా, కోసిన పన్ను సరిపడానే ఉండి, పైన 5,000 వస్తోందంటే రిటర్న్‌లో ఎవరో ఏదో చేర్చినట్టు. ఇవ్వని విరాళాలో, లేని వ్యాపారంలో నష్టమో. డ్రాఫ్ట్ తెప్పించుకోండి. విరాళాల్లాంటి మినహాయింపులు చూపించే షెడ్యూల్ ఎ, వ్యాపారం చూపించే షెడ్యూల్ సి అనే పేజీలు ఉన్నాయా అని చూడండి. హెచ్-1బీ మీద ఉన్నవాళ్ల రిటర్న్‌లో సొంత వ్యాపారం చూపించే షెడ్యూల్ సి కనిపిస్తే అది పన్ను చిక్కుతో ఆగదు, వీసా చిక్కు కూడా అవుతుంది. అసలు రిటర్న్ అయిన 1040 ఫారం రెండో పేజీ అడుగున, మీ సంతకాల కింద, డబ్బు తీసుకుని రిటర్న్ తయారుచేసిన వ్యక్తి పేరు, పీటిన్ అనే ఆయన గుర్తింపు నంబరు ఉండాలి. అక్కడ ఖాళీగా ఉన్నా, మీరే సొంతంగా వేసుకున్నట్టు కనిపించినా, ఫీజు పుచ్చుకున్న ఆ తెలిసినాయన రేపు మీకు తెలియనాయన అయిపోతారు.

ఇక మీ అసలు భయం. జాయింట్ రిటర్న్ మీద సంతకం పెడితే ఆ సంవత్సరం పన్నుకు ఇద్దరూ పూర్తి బాధ్యులు. సగం సగం కాదు. మొత్తం బాకీ, వడ్డీ, జరిమానా ఇద్దరిలో ఎవరి దగ్గరైనా వసూలు చేసుకోవచ్చు. తర్వాత విడిపోయినా ఈ బాధ్యత పోదు. ఈ-ఫైల్ చేసేటప్పుడు మీకొచ్చే ఆ లింకులో ఉండేది 8879 అనే ఫారం. ఫోన్‌లో వేలితో గీకేసినా అది సంతకమే. రిటర్న్ చూశాను, నాకు తెలిసినంతవరకు అందులో ఉన్నదంతా నిజం, పూర్తి అని ఒప్పుకుంటున్నట్టు.

భర్త దాచినందుకు భార్య బలి కాకుండా ఒక రక్షణ ఉంది. 8857 ఫారంతో అడుగుతారు. కానీ దానికి సంతకం చేసేనాటికి ఆ తప్పు మీకు తెలియదని, తెలిసే అవకాశమూ లేదని చూపించాలి. మీకు తెలుసు. మియాపూర్ ఫ్లాటు అద్దె ఎంతో కూడా తెలుసు. కాబట్టి ‘సంతకం పెట్టమన్నారు, పెట్టాను’ అన్న మాట రేపు అక్కరకు రాదు.

ఒక ఊరట ఏమిటంటే, 2025 రిటర్న్ మీద సంతకం పెట్టినంత మాత్రాన ఆయన పెళ్లికి ముందు వేసిన రిటర్న్‌ల తప్పులు మీ మెడకు చుట్టుకోవు. ఆ పాత బాకీల కింద మీ ఇద్దరి రీఫండ్ పట్టుకుంటే మీ వాటా అడిగి తెచ్చుకోవడానికి 8379 అని వేరే ఫారం ఉంది.

‘అయితే విడిగా వేసేసి చేతులు దులుపుకుంటాను’ అనుకుంటున్నారేమో. వేరే రాష్ట్రంలో అయితే చాలావరకు అంతే. మీరున్నది టెక్సాస్. టెక్సాస్, కాలిఫోర్నియా, వాషింగ్టన్, అరిజోనా లాంటి తొమ్మిది రాష్ట్రాల్లో పెళ్లయ్యాక వచ్చే సంపాదన ఇద్దరిదీ. అక్కడ స్థిరంగా కాపురముంటున్న జంట విడిగా రిటర్న్ వేస్తే ఇద్దరి జీతాలూ కలిపి సగం సగం చూపించాలి. 8958 అనే ఫారంలో ఆ పంపకం రాయాలి. పెళ్లికి ముందు జనవరి జీతం మాత్రం ఎవరిది వారిదే. టెక్సాస్‌లో ఇంకో మెలిక ఉంది. పెళ్లికి ముందు నుంచి ఆయనకున్న ఆస్తి ఆయనదే కానీ, దాని మీద పెళ్లయ్యాక వచ్చే అద్దె, వడ్డీ మాత్రం ఉమ్మడి. అంటే మియాపూర్ అద్దెలో సగం, ఎఫ్‌డీ వడ్డీలో సగం మీ విడి రిటర్న్‌లో ఉండాలి! ఆ ఆదాయం గురించి తెలియని భార్యకు ఇక్కడా మినహాయింపు ఉంది, కానీ మళ్లీ అదే సమస్య, మీకు తెలుసు. వీసా మీద ఉన్న మీకు టెక్సాస్ స్థిర నివాసం అవుతుందా లేదా అన్నది సీపీఏతో తేల్చుకోవాల్సిన విషయం.

ఈ సగం సగం పద్ధతికి పెద్ద కథే ఉంది. 1930లో అమెరికా సుప్రీంకోర్టు వాషింగ్టన్ రాష్ట్రపు కేసులో దీన్ని ఒప్పుకుంది. దాంతో ఈ రాష్ట్రాల దంపతులకు పన్ను తగ్గి, మిగతా రాష్ట్రాల వాళ్లు గోల పెట్టారు. చివరికి 1948లో ఆ లాభం జాయింట్ రిటర్న్ రూపంలో దేశమంతటికీ ఇచ్చారు. మీ అత్తగారికి కాపురానికి గుర్తుగా కనిపిస్తున్న జాయింట్ రిటర్న్‌లోని లాభం ఇలా పుట్టింది. ఆవిడకు ఒక్క మాట గుర్తుచేయండి, మెత్తగానే. మన దేశంలో జాయింట్ రిటర్న్ అనేదే లేదు. మామగారి రిటర్న్ మామగారిదే, అత్తగారికి పన్ను పడే ఆదాయం ఉంటే ఆవిడది ఆవిడదే. ఎవరి కాపురమూ దానివల్ల వేరు కాలేదు. విడిగా వేసినా ఫారంలో వివాహితులనే రాస్తారు, భర్త పేరు, సోషల్ నంబరు కూడా ఇస్తారు. పెళ్లయ్యాక ‘సింగిల్’ అని వేస్తేనే తప్పు.

ఇప్పుడు మీ ముందున్న దారులు చెబుతాను. ఏ దారిలో వెళ్లాలన్నది మీ ఇష్టం, ఎందుకంటే ఆ ఇంట్లో ఉండేది మీరు.

డ్రాఫ్ట్ చూడకుండా, ఇండియా ఆదాయం చేర్చకుండా సంతకం పెట్టేయడం ఒకటి. ఇంట్లో ప్రశాంతత వస్తుంది, కొన్నాళ్లు. ‘వీళ్లకేం తెలుస్తుంది’ అన్న మాట పదిహేనేళ్ల కిందటిది. విదేశీ ఖాతాల వివరాలు ఇచ్చిపుచ్చుకోవడానికి భారత్, అమెరికా 2015 జులైలో ఒప్పందం చేసుకున్నాయి. ఎన్ఆర్ఓ ఖాతా తెరిచేటప్పుడు, ఫండ్లలో కేవైసీ చేసేటప్పుడు ఏ దేశంలో పన్ను కడుతున్నారని అడిగి, ఫాట్కా (విదేశీ ఖాతాల మీద అమెరికా చట్టం) డిక్లరేషన్ తీసుకునేది అందుకే. పైగా జాయింట్‌గా వేశాక గడువు తేదీ దాటితే ‘కాదు, విడిగా వేస్తాను’ అనడం కుదరదు.

రెండోది, ప్రస్తుతానికి విడిగా వేసి, అన్నీ సర్దుకున్నాక జాయింట్‌కి మారడం. గడువు నుంచి మూడేళ్లలోపు సవరణ రిటర్న్ వేసి విడి నుంచి జాయింట్‌కి రావచ్చు. ఆ తలుపు తెరిచే ఉంటుంది. ఆయన మొండికేస్తే మీకు ఇదే దిక్కు. కాకపోతే టెక్సాస్ రూలు వల్ల ఆయన ఆదాయం అంకెలు మీకు ఎలాగూ కావాలి. ఇవ్వనంటే, అడిగినట్టు ఆధారం ఉంచుకుని, మీ సొంత సీపీఏ దగ్గరకు వెళ్లండి. ఆడపడుచు భర్తకు తెలిసినాయన దగ్గరకు కాదు.

మూడోది, ఇద్దరికీ కాస్త ఊపిరి తీసుకునే టైమ్ ఇచ్చేది. ఏప్రిల్ 15లోపు 4868 ఫారం వేస్తే రిటర్న్ గడువు అక్టోబరు 15 దాకా పెరుగుతుంది. పన్ను కట్టే గడువు పెరగదు, బాకీ ఉంటుందనుకుంటే అంచనా వేసి ఏప్రిల్‌లోనే కట్టేయాలి. ఈ ఆర్నెల్లలో ఇండియా కాగితాలన్నీ తెప్పించి, అన్నీ చూపించి జాయింట్‌గా వేయొచ్చు. నా మొగ్గు దీనివైపే. ఎందుకంటే మీ ఆయన భయపడుతున్నంత పన్ను బహుశా రాదు. అద్దెలోంచి మెయింటెనెన్స్, ఇంటి పన్ను, తరుగుదల పోతాయి. ఎఫ్‌డీ వడ్డీ మీద అక్కడ కట్టిన పన్నుకు ఇక్కడ క్రెడిట్ ఉంటుంది. సిప్‌లు మాత్రం తలనొప్పే. మన మ్యూచువల్ ఫండ్లకు ఇక్కడ పీఫిక్ అనే వేరే కఠినమైన రూల్స్ ఉన్నాయి. విషయం తెలిసిన కంగారులో వాటిని అమ్మేయమని చెప్పకండి. అమ్మితే ఆ లెక్క ఇంకా ముదురుతుంది, ముందు తెలిసినవాళ్లతో మాట్లాడాలి.

ఆయన పాత సంవత్సరాల తప్పు ఆయన సర్దుకోవాల్సింది. తెలియక చేసినవారికి స్ట్రీమ్‌లైన్డ్ అనే దారి ఉంది. మూడేళ్ల సవరణ రిటర్న్‌లు, ఆరేళ్ల ఎఫ్‌బార్‌లు (విదేశీ ఖాతాల వివరాల ఫారాలు) వేయాలి, అమెరికాలో ఉండేవారికి దాచిన విదేశీ ఆర్థిక ఆస్తుల విలువ మీద 5 శాతం జరిమానా పడుతుంది. ఐఆర్ఎస్ (అమెరికా పన్నుల శాఖ) తనిఖీ మొదలుపెట్టాక ఆ దారి మూసుకుంటుంది. తెలిసీ దాచినవారికి అది అసలు లేదు. ఆయన తెలిసే దాచారా, అందరూ చూపించరనుకుని ఊరుకున్నారా అన్నది మీరూ నేనూ తేల్చేది కాదు. ఆయన ముందు టాక్స్ లాయర్‌తో మాట్లాడాలి. సీపీఏతో చెప్పినదానికి లాయర్‌తో చెప్పినంత గోప్యత రక్షణ ఉండదు. ఈ విషయం మీద ఇంట్లో వాట్సాప్ గ్రూపులో చర్చలు పెట్టకండి, అన్నయ్యగారికి సంజాయిషీలు రాయకండి.

ఇక మీ చివరి వాక్యం. చిన్నదిగా రాశారు కానీ నన్ను అడిగితే మీరు మొదలుపెట్టాల్సింది అక్కడే. విదేశీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ వేయాలి. డబ్బు నాన్నగారిదే అయినా, ఖాతాలో మీ పేరుంటే మొత్తం 28 లక్షలూ మీ లెక్కలోకి వస్తాయి. ఇది ఇక్కడ పన్ను రెసిడెంట్ అయినవారికి వర్తిస్తుంది. చదువుకునే వీసా మీద ఉన్న మొదటి అయిదు క్యాలెండర్ సంవత్సరాలు ఆ లెక్కలోకి రావు, 2023 చివర్లో మూడు నెలల హెచ్-1బీ కూడా సరిపోదు. కాబట్టి మీ వివరాల ప్రకారం మీరు పన్ను రెసిడెంట్ అయింది 2024లో. ఆ ఏడాది ఎఫ్‌బార్ వేశారా? ఆయన్ని కాగితాలు అడుగుతున్న మీరు కూడా, తెలియకే అయినా, ఒక ఖాతా చూపించకుండా ఉన్నారన్నమాట.

దీనికి కంగారు పడక్కర్లేదు. వడ్డీ నిజంగా నాన్నగారిదే అయి, మీరు చూపించకుండా వదిలేసిన ఆదాయం ఏదీ లేకపోతే, ఐఆర్ఎస్ అడగకముందే ఆలస్యంగా ఎఫ్‌బార్ వేసి కారణం రాస్తే సాధారణంగా జరిమానా వేయరు. ఆన్‌లైన్‌లో వేసేదే, పన్ను ఏమీ ఉండదు. వడ్డీ ఎవరిదన్నది మాత్రం సీపీఏతో ఒకసారి సరిచూసుకోండి. 2025ది ఏప్రిల్ 15కి వేయాలి, కుదరకపోతే అడగకుండానే అక్టోబరు 15 దాకా గడువు ఉంటుంది.

మీ ఆయనతో మాట ఇక్కడి నుంచే ఎత్తండి. ‘నీ కాగితాలు చూపించు’ అని కాకుండా, ‘నాన్న ఖాతాలో నా పేరుంది, నేను చెప్పాల్సింది చెప్పలేదట, సీపీఏ దగ్గరకు వెళ్తున్నాను, నువ్వూ రా, నీ ఫ్లాటు సంగతి కూడా ఒకేసారి అడుగుదాం’ అనండి. వస్తే సరే. రాకపోతే మీరొక్కరే వెళ్లండి, డబ్ల్యూ-2 మాత్రం ఎవరికీ పంపకండి. వెళ్లే ముందు నాన్నగారిని 2024, 2025 బ్యాంకు స్టేట్‌మెంట్లు పీడీఎఫ్‌లో పంపమనండి. రెండేళ్లలో ఆ ఖాతాలో ఉన్న గరిష్ఠ మొత్తం ఎంత? సీపీఏ మొట్టమొదట అడిగేది అదే.